తనిఖీ కోసం ఇంటికొచ్చిన మంద

మార్కాపురంలో మా బ్యాంకుకు కింది అంతస్తులో బ్రాంచి, పై అంతస్తులో ప్రాంతీయ కార్యాలయం ఉన్నాయి. నేను వృత్తి మార్చుకున్నానని చెబితే ఊరు మారాననో కంపెనీ మారాననో అనుకుంటారు. నేను మారింది ఒక అంతస్తు. కింద పదిహేనేళ్ళు వ్యవసాయ రుణాలు చూసినవాణ్ణి, ఒక సోమవారం మధ్యాహ్నం టిఫిన్ డబ్బా, ఫోను చార్జరు పట్టుకుని మెట్లెక్కి హెచ్ఆర్ విభాగంలో కూర్చున్నాను. కింద నా కుర్చీకి చక్రాలు లేవు, పైన ఉన్నాయి. వృత్తి మారిందని మొదట తెలిసింది అక్కడే.

ఇంటర్వ్యూలో ఎందుకు మారాలనుకుంటున్నారని అడిగారు. మనుషులంటే ఇష్టమని చెప్పాను. అడిగినవాళ్ళు తల ఊపారు. నా సంగతి తెలిసిన రైతు ఒక్కడు ఆ గదిలో ఉన్నా ఆ మాటకు నవ్వు ఆపుకోలేకపోయేవాడు.

వసూళ్ళలో నాకు మంచి పేరుండేది. నేను ఎవరినీ తిట్టలేదు, గొంతు పెంచలేదు. కొత్త వియ్యంకులు వచ్చి మంచాల మీద కూర్చున్న రోజు ఏదో తెలుసుకుని, సరిగ్గా ఆ పూట ఆ ఇంటికి వెళ్ళి, మంచినీళ్ళు అడిగి, అరుగు మీద ఊరికే కూర్చునేవాణ్ణి. అంతే చాలు. మూడో రోజు ఆ మనిషి బ్రాంచిలో ఉండేవాడు. ఈ నేర్పును మా పై అధికారులు మనుషులతో మెలిగే తీరు అని రాసుకున్నారు. హెచ్ఆర్‌కు నన్ను ఎంచుకోవడానికి అదే కారణమని తర్వాత తెలిసింది.

గొర్రెల అప్పుల తనిఖీలో కూడా నాకు సాటి లేరని అనేవారు. చెప్పకుండా పోయేవాణ్ణి, అదీ మంద మేతకు కదలకముందే. చూసేవి మూడే: మనిషి ఊళ్ళో ఉన్నాడా, మంద దొడ్లో ఉందా, చెవులకు బీమా బిళ్ళలున్నాయా. వరికోతలు అయిపోయాక మందలు తోలుకుని కృష్ణా కాలవల కింది పొలాలకు పోవడం మా వైపు గొర్రెలవాళ్ళ బతుకు. ఇక్కడ గడ్డి ఉండదు, అక్కడ కోసిన చేలుంటాయి. పొలంలో మంద పడుకుంటే ఎరువని అక్కడి రైతులు పిలిచి పెట్టించుకుంటారు. తొలకరి పడ్డాకే తిరిగొస్తారు. ఇది నాకు బాగా తెలుసు. అయినా నేను వెళ్ళినప్పుడు మనిషి లేకపోతే ‘ఊళ్ళో లేడు’ అని రాసేవాణ్ణి. ఆ మాట పడితే మళ్ళీ అప్పు పుట్టడం కష్టం. కాబట్టి నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ పల్లెల్లో పసిపిల్లవాడు కూడా ‘మా నాయన ఈడనే ఉండాడు’ అనడం నేర్చుకున్నాడు. నేర్పింది నేను.

పైన మా మేడమ్ నాకంటే పదేళ్ళు చిన్నది. గుంటూరు నుంచి వచ్చింది. మెల్లగా మాట్లాడుతుంది, ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగుతుంది. నాకది ఎత్తుగడ అనిపించేది. చేరిన కొత్తలో ఒక క్లర్కు నాయనమ్మ పోయిందని సెలవు అడిగాడు. నిరుడు కూడా అతని నాయనమ్మ పోయినట్టు నాకు గుర్తు. పిలిపించి వంశవృక్షం గీయమన్నాను. మా తాతకు ఇద్దరు పెళ్ళాలు సార్ అని అతను నిజంగానే గీశాడు. మేడమ్ ఆ కాగితం చూసి, నన్ను లోపలికి పిలిచింది.

“సర్, ఇక్కడ మనకు ఎవరూ బాకీ లేరండి” అంది.

అర్థమైందన్నాను. కాలేదు. ఎవరైనా ఏదైనా అడగడానికి వస్తే వాళ్ళు నాకు బాకీ పడబోతున్నట్టే ఉండేది.

“ఇంకోటి. మనవాళ్ళ ఇళ్ళకు వెళ్ళాల్సి వస్తే ముందు చెప్పి వెళ్ళండి. మీద పడినట్టు పోకూడదు” అంది. ఇది మాత్రం బాగా పట్టుకున్నాను. నా కొత్త ఉద్యోగంలో నేను మనసు పెట్టి నేర్చుకున్న మొదటి మర్యాద అదే. జరగాల్సిన అన్యాయం ఆ మర్యాద వల్లే జరిగింది.

కింద బ్రాంచిలో నాతో రెండేళ్ళు పనిచేసిన ఒకామె ఉండేది. పెద్దారవీడు దగ్గర పల్లె. పుట్టిల్లూ గొర్రెలవాళ్ళే, మెట్టినిల్లూ గొర్రెలవాళ్ళే. డిగ్రీ చదివి, పరీక్ష రాసి బ్యాంకులోకి వచ్చింది. బీమా ఉన్న గొర్రె చస్తే, బిళ్ళతో సహా చెవి కోసి బ్రాంచికి తేవాలి. చెవి లేనిదే బీమా రాదు. పాలిథిన్ కవరులో ఆ చెవి రాగానే నేను ఆమెను పిలిచేవాణ్ణి. “నీకు అలవాటే కదమ్మా” అనేవాణ్ణి. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని బిళ్ళ నంబరు చూసి రాసేది. ఒకసారి మాత్రం, “అలవాటు గొర్రెలతో అన్నా, చెవులతో కాదు” అంది. నేను నవ్వాను. కస్టమర్లు లేనప్పుడు నన్ను అన్నా అనేది. మా వైపు ఎవరినైనా ఏదో ఒక వరుస పెట్టే పిలుస్తారు, కానీ ఆమె నోట ఆ మాటలో కొంచెం నమ్మకం కూడా ఉండేది.

ఆమెను గిద్దలూరు బ్రాంచికి వేశారు. నేను పైకి వెళ్ళిన మూడో నెలలో, వేసవి బదిలీల సమయంలో, ఒక శనివారం మా ఆఫీసుకు వచ్చింది. మార్కాపురం బదిలీ కావాలంది. పొద్దున్నే ఇల్లు వదిలితే పిల్లలు నిద్రపోయాక చేరుతోంది. మొగుడు మందతో కృష్ణా కాలవల కిందికి పోయాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, చూపు సరిగా ఆనని అత్త. ఆ నెలలోనే చిన్నదాని చేతి మీద గంజి పడింది. కట్టు ఇంకా విప్పలేదంది.

“మార్కాపురం ఇయ్యకపోతే రెండే దారులన్నా. నేను ఉద్యోగం మానాల, లేకపోతే ఆయన గొర్రెల్ని అమ్మాల. గొర్రెలు లేకుంటే ఆయన మనిషి కాడు. ఉద్యోగం లేకుంటే నేను కాను.”

నిబంధన తీశాను. భర్త వేరేచోట ఉద్యోగం చేస్తూ ఇల్లు భార్య ఒక్కతే చూసుకుంటుంటే, లేదా భర్త ఉద్యోగం ఉన్న ఊరికే రావాలనుకుంటే బదిలీ ఇవ్వొచ్చు. రెండింటికీ భర్త యజమాని ఇచ్చిన ధ్రువపత్రం కావాలి.

“యజమాని సంతకం కావాలమ్మా” అన్నాను.

“ఆయనకు యజమాని ఎవరుండారన్నా? పొట్టేలు చేత సంతకం పెట్టించుకుని రానా?”

“నవ్వులాట కాదు. ఏదో ఒక రుజువు ఉండాలి కదా.”

“చచ్చిన గొర్రెకైతే చెవి కోసి తెమ్మంటావు. బతికున్న మొగుడికి ఏం కోసి తెమ్మంటావు?”

ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. లోపలి నుంచి మేడమ్ వచ్చి ఏమిటి జోకు అని అడిగింది. ఏం లేదు మేడమ్, పాత బ్రాంచి సంగతులు అన్నాను.

అప్పుడే నాకు గొప్ప ఆలోచన వచ్చింది. నేను స్వయంగా వెళ్ళి చూసి రిపోర్టు రాస్తాను, ధ్రువపత్రం బదులు దాన్ని పెట్టండి అన్నాను. మన విభాగంలో ఇలాంటిది ఎవరూ చేయలేదని మేడమ్ మెచ్చుకుంది. నాకు ఒళ్ళు పొంగింది. కొత్త విభాగంలో నాకు ఆరు నెలల పరీక్షాకాలం, అందులో సగం మిగిలి ఉంది. మర్యాద ప్రకారం రెండు వారాల ముందే తేదీ చెప్పాను.

“వచ్చి ఏం చూస్తావన్నా?” అని అడిగింది ఆమె.

“ఏం లేదమ్మా. మీ ఆయన గొర్రెల కాపరే అని చూడాలి, అంతే.”

ఆ ఒక్క వాక్యం మీద తర్వాత చాలా రోజులు ఆలోచించాను. నేను చూడాల్సింది అతను ఇంట్లో లేడని. ‘మీ ఆయన లేడని చూడ్డానికి వస్తున్నా’ అని చెప్పాల్సింది. అది చెప్పడం నాకు చేతకాలేదు, ఎందుకంటే పదిహేనేళ్ళలో లేని మనిషి కోసం నేను ఒక్క మంచి మాట రాయలేదు. ఆమె ఆ వాక్యాన్ని యథాతథంగా మొగుడికి ఫోనులో చెప్పింది.

నేను వెళ్ళిన రోజు ఎండ ఎలా ఉందంటే, పెద్దారవీడు దాటాక బండి హ్యాండిలు పట్టుకోవడానికి చేతిరుమాలు చుట్టుకోవాల్సి వచ్చింది. ఆమె గిద్దలూరులో డ్యూటీలో ఉంది. బదిలీల హడావిడిలో ఆ రోజు సెలవు ఇవ్వలేదట. సెలవు ఇవ్వొద్దన్న సర్క్యులర్ పంపింది మా విభాగమే. ఇంటి ముందు బండి ఆపగానే ముసలామె చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చూసింది.

“ఎవురది? బండి చప్పుడు తెలిసిందిలే. వసూళ్ళ సారు. ఒరే, మంచం వెయ్యండి సారుకు.”

“వసూళ్ళకు కాదు పెద్దమ్మా. ఇప్పుడు నేను వేరే పని” అన్నాను.

“ఏ పనైతే ఏందిలే నాయనా, వచ్చేది నువ్వే కదా.”

దొడ్డి నిండా మంద. ఒకదాని పొట్ట కింద ఇంకొకటి తల దూర్చి రొప్పుతున్నాయి. ఎండాకాలం నడిమధ్యన, గడ్డిపోచ లేని ఊళ్ళో, నిండు మంద. దొడ్డి వాకిట్లో ఆమె మొగుడు, ఇస్త్రీ మడతలు ఇంకా పోని చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు. పక్కన పిల్లలిద్దరూ తల దువ్వించుకుని ఉన్నారు. చిన్నదాని చేతికి కట్టు.

“రా బావా” అన్నాడు. ఆమె నన్ను అన్నా అంటుంది కాబట్టి అతనికి నేను బావను.

“ఎప్పుడొచ్చినావు?” అని అడిగాను.

అతను నోరు తెరవకముందే ముసలామె అందుకుంది. “ఎప్పుడు రావడమేంది? వాడు ఎక్కడికి పోయినాడని? ఈడనే ఉంటాడు. మంద ఈడనే, మనిషి ఈడనే.”

“ఆ, ఈడనే బావా. ఎక్కడికీ పోము” అన్నాడతను. ఎంత ధీమాగా అన్నాడో ఇప్పటికీ చెవిలో ఉంది. “లెక్క చూసుకో. చెవులన్నీ ఉండాయి.”

నేను దొడ్లోకి వెళ్ళాను. అడగకపోయినా చూశాను, అలవాటు. గిట్టలు అరిగి ఎర్రబడ్డాయి. తారు రోడ్డు మీద నడిచిన గిట్టలు అలాగే ఉంటాయి. ఒక గొర్రె కాలికి గుడ్డ కట్టి ఉంది. వంగి చూశాను. డొక్కలు లోపలికి పోయాయి. వేసవి మొత్తం ఇక్కడే ఉన్న మంద కాదది, చాలా రోజులు ఎండలో నడిచి వచ్చిన మంద. నేను వస్తున్నానని, మనిషి గొర్రెల కాపరో కాదో చూస్తానన్నానని, కాలవల కింద దొరికే మేత వదిలేసి, అంత దూరం వెనక్కి తోలుకొచ్చాడు. తనొక్కడే బస్సెక్కి వస్తే మంద లేదని రాస్తాననుకున్నాడు. రాసేవాణ్ణే కదా ఒకప్పుడు.

కింద ఏ ఊరి పొలాల్లో ఉన్నావు అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. నేను చూసింది, వాళ్ళు చెప్పింది మాత్రమే రాయాలని మేడమ్ చెప్పింది కాబట్టి అడగలేదని కొన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. మనిషి ఉన్నాడు, మంద ఉంది, చెవులున్నాయి. పదిహేనేళ్ళలో అంత చక్కని తనిఖీ నాకు ఎప్పుడూ దొరకలేదు. చెడగొట్టబుద్ధి కాలేదు. మజ్జిగ ఇచ్చారు, తాగాను. ఫోనులో ఫోటోలు తీసుకున్నాను. పిల్లలు నవ్వారు.

‘భర్త స్వగ్రామంలోనే నివసిస్తూ గొర్రెలు మేపుకుంటున్నారు. పిల్లలు తండ్రి, నాయనమ్మల సంరక్షణలో ఉన్నారు.’ ఇదీ నేను రాసింది. ఇందులో అబద్ధమని వేలు పెట్టి చూపించగల మాట లేదు. బదిలీ కుదరదని వారంలో ఉత్తరం వెళ్ళిపోయింది.

ఆమె ఫోన్ చేసింది.

“అన్నా, ఆయన అట్ల నడిచి వస్తాడని నాకు తెలవదు. వినుకొండ దాటినాక చెప్పినాడు. అప్పటికే రెండు గొర్రెపిల్లలు చచ్చినాయి దోవలో. నువ్వు పోయి చూసినావంటగా కాళ్ళు?”

“చూసినాను.”

“మరి?”

“రిపోర్టులో గొర్రె కాళ్ళ గురించి రాసే చోటు లేదమ్మా” అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తున్నప్పుడే ఎంత తెలివితక్కువగా ఉందో నాకు వినపడింది.

ఆమె వెనక బస్టాండులో కండక్టరు ఊళ్ళ పేర్లు అరుస్తున్నాడు.

“సరే సార్. మీరేం చేస్తారు” అంది.

మర్నాడు మేడమ్ గదికి వెళ్ళాను. నా రిపోర్టు తప్పు, మళ్ళీ రాస్తాను అని చెప్పడానికి. ఆ మాటలు మెట్ల మీద రెండుసార్లు వల్లించుకున్నాను. తలుపు తీయగానే మేడమ్ లేచి నవ్వింది.

“మీ గురించే అనుకుంటున్నాను సర్. మీ తనిఖీ రిపోర్టు హెడ్డాఫీసుకు నమూనాగా పంపాను. అన్ని ప్రాంతాల్లోనూ ఇలా చేద్దామంటున్నారు. చెప్పండి, ఏం పనిమీద వచ్చారు?”

“ఏసీ రిమోట్లో బ్యాటరీలు అయిపోయినాయి మేడమ్” అన్నాను.

బ్యాటరీలు అదే రోజు వచ్చాయి. నేను చెప్పాల్సింది మాత్రం పరీక్షాకాలం అయ్యాక చెబుదామని పక్కన పెట్టాను. అప్పుడైతే నా మాటకు విలువ ఉంటుందని వాదించుకున్నాను. వాయిదా అడిగే రైతును ఎంత ఏడిపించేవాణ్ణో, నాకు నేను మాత్రం అడగకుండానే ఇచ్చుకున్నాను.

తర్వాత జరిగింది ముక్కలుముక్కలుగా కింది బ్రాంచివాళ్ళ నోట విన్నాను. ఆ ఎండలో మళ్ళీ కాలవల కిందికి నడిచే ఓపిక గొర్రెలకు లేదు. ఊళ్ళో మేత లేదు. చిన్నదాని చెయ్యి మానేదాకా ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. తొలకరికి ముందే ఆమె మొగుడు సంతలో వచ్చిన ధరకు మంద మొత్తం అమ్మేశాడు. చెవులకు బిళ్ళలున్న నిండు మంద. తర్వాత మార్కాపురంలో ఒక పలకల కర్మాగారంలో కోత పనిలో చేరాడు. పొద్దున్నే ఆటోలో వస్తాడు, సాయంత్రం పోతాడు.

నా పరీక్షాకాలం ముగిసి ఉద్యోగం ఖాయమైన ఉత్తరం వచ్చిన నెలలోనే ఆమె కొత్త దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చింది. భర్త మార్కాపురంలో ఉద్యోగం. జతగా యజమాని ధ్రువపత్రం, ముద్ర, సంతకం. ఒక్క లోపం లేదు. నాలుగు రోజుల్లో బదిలీ వచ్చింది.

“పద్ధతి ప్రకారం పోతే ఎంత తేలికో చూశారా సర్” అంది మేడమ్.

అప్పుడు చెప్పాను. టీ తాగుతూ, మొత్తం చెప్పాను. గిట్టలు, గుడ్డ, ముసలామె మాట, ఏసీ బ్యాటరీలు కూడా. ఆమె ఎప్పటిలాగే పూర్తయ్యేదాకా ఆగి విన్నది. చివరికి కప్పు పక్కన పెట్టి, “బాధగా ఉంది సర్. కానీ ఇప్పుడు ఆమె కోరిన చోటికే వచ్చింది కదా. ఫైలు బాగానే ముగిసింది” అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేదనుకున్నాను. బ్యాంకింగులో ఉన్నప్పుడు తిట్టేవాళ్ళు. హెచ్ఆర్‌లో ఆ సదుపాయం లేదు.

ఇప్పుడామె కింద రెండో కౌంటరులో ఉంటుంది. మెట్లు దిగేటప్పుడు ఎదురుపడితే “నమస్తే సార్” అంటుంది. గొంతులో కోపం ఏమీ ఉండదు. చెవుల కవర్లు ఇప్పటికీ వస్తాయి. ఎవరు రాస్తున్నారని నేను అడగలేదు.

మొన్నామధ్య పలకల కర్మాగారం ముందు నుంచి పోతుంటే, గేటు పక్కన టీ బల్ల మీద అతను కనిపించాడు. జుట్టు, కనుబొమలు పలకపొడికి బూడిదరంగు తిరిగి ఉన్నాయి. నేను బండి నెమ్మది చేయకుండా పోదామనుకున్నాను. బజారులో నన్ను చూసి దారి మార్చుకునే రైతులు ఎలా చేసేవాళ్ళో సరిగ్గా అలాగే. అతనే చెయ్యెత్తాడు.

“బావా, రా. ఈసారి తనిఖీకి అంత దూరం పోనక్కర్లేదులే. మనిషి ఈడనే.”

పక్కనున్నవాళ్ళు నవ్వారు. టీ చెప్పాడు. బల్ల మీద జరిగి చోటిచ్చాడు.

“ఆ పొద్దు నాకు తెలుసు” అన్నాను. “మంద నడిచి వచ్చిందని తెలిసే అట్ల రాసినా.”

“నీకు తెలుసని నాకు తెలుసులే. ఆ కుంటిదాన్ని వంగి చూసినావు కదా.” గ్లాసు తిప్పుతూ అన్నాడు. “చూసినాడు కాబట్టి రాస్తాడులే అనుకున్నా.”

“మరి ఈడనే ఉంటామని ఎందుకు చెప్పినావు?”

“అట్ల కాకుంటే ఎట్ల చెప్పాల బావా? ఇన్నేండ్లూ నువ్వు అడిగిందే అది కదా.”

నేను క్షమాపణ చెప్పాను. సరిగ్గా ఏ మాటల్లో చెప్పానో గుర్తులేదు, బాగా చెప్పలేదని మాత్రం గుర్తుంది. అతను వినలేదేమో, విన్నా పట్టించుకోలేదేమో. చిన్నదాని చెయ్యి మానిందని, మచ్చ మాత్రం ఉందని చెప్పాడు. పిల్లల తల్లి సాయంత్రం ఆరింటికల్లా ఇంట్లో ఉంటోందని చెప్పాడు. అది చెప్పేటప్పుడు ముఖం కొంచెం తేటపడింది.

లోపల గంట కొట్టారు. బల్ల మీదివాళ్ళంతా లేచారు. అతను ముందు నడిచి, గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి అందరూ వచ్చారో లేదో ఒకసారి చూసుకున్నాడు. తర్వాత లోపలికి పోయాడు.